అప్‌డేట్: యాసిడ్‌లో వేసినా అభ్రకం పొరలు విడిపోవట్లేదని అడిగాను కదా, తేలింది

గూడూరు వైపు నుంచి తెచ్చిన కాకిబంగారం ముక్కల్ని హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో మూడు గంటలు కాచినా పల్చటి రేకులుగా రావట్లేదని పోయిన నెల అడిగింది నేనే. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

మా ల్యాబ్ సార్ మైక్రోస్కోప్ కింద చూసి, నా సంచిలో రెండు రకాలు కలిసిపోయాయన్నారు. తెల్లది మస్కొవైట్. దాని పొరల్ని పొటాషియం గట్టిగా పట్టుకుని ఉంటుంది, ఈ యాసిడ్‌కి అస్సలు చలించదు. నల్లది బయొటైట్. యాసిడ్ దాని పొరల్ని విడదీయడం కాదు, అందులోని ఇనుము, మెగ్నీషియం లాగేసి వట్టి సిలికా మిగిల్చింది. తెల్లబడింది చూసి విడిపోయిందని సంబరపడ్డాను, వేలితో నొక్కితే పొడి అయిపోయింది!

చివరికి పని చేసింది, ఒకరు చెప్పిన హైడ్రోజన్ పెరాక్సైడ్ (30 శాతం), అదీ ముడి వర్మిక్యులైట్ (అభ్రకం లాంటి పొరల ఖనిజం, వేడి చేయనిది) మీద. పెరాక్సైడ్ పొరల మధ్యకి దూరి ఆక్సిజన్ వదులుతుంది, ఆ గ్యాసే పొరల్ని తోస్తుంది. రాత్రి నానబెడితే పొద్దున్నకి ఒక్కో రేకు హార్మోనియం తిత్తిలా సాగి ఉంది. నర్సరీలో అమ్మేది ముందే వేడి చేసి ఉబ్బించినది, అది కొనకండి. నానబెట్టిన గిన్నెకి మూత బిగించకండి, పెరాక్సైడ్‌ని గ్లోవ్స్ లేకుండా ముట్టుకోకండి, నా వేలికొస తెల్లగా అయి మండింది.

యాసిడ్ గాఢత, కాచే టైమ్, డిస్టిల్డ్ వాటర్ గురించి పడ్డ టెన్షనంతా అనవసరం. మస్కొవైట్‌కైతే అంచున బ్లేడు పెట్టి చీల్చడమే.