రెండు గదులకు 20 లీటర్ల రంగు పడుతుందా?

ప్రశ్న (కొర్లగుంట, తిరుపతి)

అమ్మ ఉండే ఇంట్లో హాలు, బెడ్‌రూమ్ రంగు వేయించాలి. బ్రహ్మోత్సవాలకు మదనపల్లె నుంచి మా అత్తావాళ్ళు వస్తారు, ఆలోపు పని ముగియాలి. హాలు 16 x 11 అడుగులు, బెడ్‌రూమ్ 12 x 10, ఎత్తు 10. హాల్లో మూడు తలుపులు, ఒక కిటికీ. బెడ్‌రూమ్‌లో ఒక తలుపు, ఒక కిటికీ. నాన్న ఉన్నప్పుడు కొట్టించిన సున్నమే ఇంకా ఉంది, గోడకు ఆనుకుంటే చొక్కాకు అంటుకుంటుంది.

మేస్త్రీ వచ్చి చూసి "20 లీటర్ల బకెట్ తెచ్చి పెట్టేయండి సార్" అన్నాడు. టేపు పట్టలేదు. షాపులో అడిగితే 8 లీటర్లు చాలన్నారు.

నా టెన్షన్ ఏమిటంటే, నాలుగేళ్ళ కిందట మేముండే వాటాకు రంగు చాలక చివరి గోడ సగంలో ఆగింది. అదే నంబరు చెప్పి ఇంకో లీటరు కలిపించి తెచ్చాం. ఆరాక చూస్తే టీవీ వెనక గీత గీసినట్టు రెండు రంగులు. అమ్మ ఇంట్లో అలా కాకూడదు. ఎక్కువ కొందామంటే, కలిపించిన రంగును షాపులో వెనక్కి తీసుకోరు. అన్నట్టు, హాల్లో దేవుడి పటాలుండే 11 అడుగుల గోడ (దానికి తలుపుల్లేవు) అమ్మకు మంచి పసుపు రంగులో కావాలి. మిగతా గోడలు క్రీమ్, సీలింగ్ తెలుపు.

జవాబు 1 (చంద్రగిరి, సైటు పనులు చూసుకుంటాను)

లెక్క కష్టమేం కాదండీ. గది నాలుగు వైపులా కొలిచి ఎత్తుతో గుణించండి. హాలు 54 x 10 = 540. తలుపు ఒక్కోటి 21, కిటికీ 16 చొప్పున తీసేస్తే 461. బెడ్‌రూమ్ 440లో 37 పోతే 403. మొత్తం 864 చదరపు అడుగులు. అందులో పసుపు గోడ 110, క్రీమ్ 754.

నున్నటి గోడ మీద ఎమల్షన్ (నీళ్ళు కలిపి వేసే గోడ రంగు) రెండు కోట్లకు, అంటే రెండు పూతలకు, లీటరు సుమారు 130 చదరపు అడుగులు వస్తుంది. అంటే క్రీమ్ 5.8 లీటర్లు, పదో వంతు కలుపుకుంటే 6.4. నాలుగు లీటర్ల డబ్బాలు రెండు తీసుకోండి. సీలింగ్ 296 అడుగులు, రెండున్నర లీటర్లలోపే. తెలుపుకు భయం లేదు, చాలకపోతే మళ్ళీ తెచ్చుకోవచ్చు.

జవాబు 2 (చిత్తూరు, 22 ఏళ్ళుగా పెయింటింగ్ పని)

పైన చెప్పిన లెక్క సరైనదే, కానీ అది పుట్టీ (గోడను నున్నగా చేసే తెల్లటి ముద్ద) పెట్టిన గోడకు. సున్నం మీద నేరుగా వేస్తే గోడ రంగును తాగేస్తుంది, పైగా రెండేళ్ళకే పొరలు పొరలుగా లేస్తుంది. అరచేత్తో రుద్దండి, తెల్లపొడి వస్తే ఆ సున్నమంతా గీకి, కడిగి, ఆరబెట్టాల్సిందే. ఆ తర్వాత పుట్టీ రెండు కోట్లు, ఎమెరీ పేపర్‌తో (గరుకు కాగితం) రుద్దడం, ప్రైమర్ (రంగుకు ముందు వేసే పూత). కిలో పుట్టీ 12 అడుగులు అనుకుంటే మీ గోడలకు 40 కిలోల బస్తాలు రెండు. ప్రైమర్ ఒక కోటుకు లీటరు 120 అడుగులు, సీలింగ్‌తో కలిపి 10 లీటర్లు.

పసుపు సంగతి వేరు. ముదురు పసుపు, ఎరుపు కింది గోడను సరిగా కప్పవు. రెండు కోట్లయ్యాక కూడా మచ్చలు కనపడతాయి, మూడో కోటు తప్పదు. ఆ గోడకు రెండు లీటర్లు పెట్టుకోండి.

మేస్త్రీని అనుమానించొద్దండీ. ఏ పని లెక్కేసి 20 అన్నాడో ఒకసారి అడగండి.

జవాబు 3 (తిరుచానూరు)

ఒక రంగుకు కావాల్సినదంతా ఒకేసారి కలిపించండి. తెచ్చాక రెండు డబ్బాలూ పెద్ద బకెట్‌లో పోసి కలిపేయండి, అప్పుడు గోడకో రంగు రాదు. వానలు మొదలయ్యేలోపు కానివ్వండి. మనకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకానే కదా, తడి గోడ మీద ఏదీ నిలవదు.

ప్రశ్న అడిగినవారు (మూడు వారాల తర్వాత)

మేస్త్రీని అడిగాను. పుట్టీ ఖర్చుకు మేం ఒప్పుకోమేమోనని సున్నం మీదే మూడు కోట్లు వేద్దామనుకున్నాడట, అందుకే 20 చెప్పాడు. గీకడానికే రెండు రోజులు పట్టింది, కూలి పెరిగింది. గీకుతుంటే కింద నాన్న నాటి నీలం రంగు బయటపడింది, అమ్మ చాలాసేపు అక్కడే నిలబడింది.

పుట్టీ రెండు బస్తాలూ అయిపోయాయి. క్రీమ్ 8 లీటర్లలో ఒకటిన్నర మిగిలింది. పసుపు గోడకు మూడో కోటు పడింది, డబ్బా అడుగున అరలీటరు ఉంది. డబ్బాల మీద రంగు నంబరు, తేదీ రాసి మూతలు బిగించి అటక మీద పెట్టాను. పటాలు నిన్ననే మళ్ళీ తగిలించాం.