దైవసాక్షిగానా, మనస్సాక్షిగానా?

ప్రశ్న:
మొదటిసారి వార్డు సభ్యురాలిగా గెలిచాను. ప్రమాణ పత్రం తెచ్చి నాన్నకు చూపించాను. ‘దైవసాక్షిగా’ అన్న మాట దగ్గర ఆయన వేలు ఆగిపోయింది. ఆయన గుడి మెట్టు ఎక్కిన మనిషి కాదు. కానీ నోటి మాట మీద తీసుకున్న అప్పును కూడా మాట తప్పకుండా తీర్చినవాడు. నేనూ ఆయన కూతురినే. నమ్మని దేవుణ్ణి సాక్షిగా పెట్టి పదవిలో తొలి మాటే అబద్ధం ఎలా చెప్పను? ‘అందరూ ఇలాగే చదువుతారమ్మా’ అంటున్నారు. మార్చి చదివితే ఎన్నిక చెల్లదా?

జవాబు 1:
నిశ్చింతగా ఉండండమ్మా. రాజ్యాంగం మూడో షెడ్యూలులో మంత్రులకు, ఎంపీలకు, శాసనసభ్యులకు, న్యాయమూర్తులకు రెండు దారులూ ఉన్నాయి: దైవం పేరిట ప్రమాణం, లేదా దేవుడి పేరు లేకుండా సత్యనిష్ఠతో ధ్రువీకరణ. రాష్ట్రపతికీ 60వ అధికరణంలో అంతే. దేవుడి మాట మీద రాజ్యాంగ సభ 1948 డిసెంబరులో చర్చించింది. ఆ మాటను చేర్చారు, ధ్రువీకరణనూ ఉంచారు. మీ పత్రంలో ‘దైవసాక్షిగా’ పక్కన ఏటవాలు గీత (/) ఉందేమో చూడండి; ఉంటే దానికి అటూ ఇటూ ఉన్న మాటల్లో ఒకటి ఎంచుకోమని అర్థం.

జవాబు 2:
సొంతంగా మాత్రం ఏమీ కలపకండి. 2001లో కేరళ శాసనసభ్యుడొకరు దేవుడి పేరుకు బదులు అక్కడి సంఘ సంస్కర్త శ్రీనారాయణ గురు పేరిట ప్రమాణం చేశారు. అది చెల్లదని 2003లో అక్కడి హైకోర్టు తేల్చింది.

జవాబు 3:
నేను దైవసాక్షిగానే చదివాను, వణుకుతూ చదివాను. నమ్మకం లేకుండా ఆ పేరు పలకనన్నందుకు మీ మీద గౌరవం పెరిగింది.

ప్రశ్న అడిగినవారు:
గీత ఉందండీ! దాని పక్కనే చిన్న అక్షరాల్లో రెండో మాట కూడా. నాన్న కళ్లద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివారు.