రిసెప్టర్‌ని "గ్రాహకం" అనడం సరైనదేనా?

ప్రశ్న: కప్పల్లో హార్మోన్లు రక్తనాళాలను ఎలా నడిపిస్తాయో చెప్పే వ్యాసం తెలుగులో రాస్తున్నానండీ. రిసెప్టర్, అంటే హార్మోను వచ్చి అతుక్కునే కణంలోని ప్రోటీన్, ఆ మాట దగ్గర ఆగిపోయాను. పాఠ్యపుస్తకాల్లో గ్రాహకం అని ఉంది. ఆ మాట వింటే, ఇచ్చింది పుచ్చుకుని ఊరుకునేది అనిపిస్తోంది. స్వీకర్త అంటే మేలా?

జవాబు: గ్రాహకమే ఉంచండి. "మొక్క నీటిని గ్రహిస్తుంది" అంటాం, "ఆయన మనసులో మాట గ్రహించాను" అనీ అంటాం. తీసుకోవడం, అర్థం చేసుకోవడం రెండూ ఆ క్రియలో ఉన్నాయి. స్వీకర్తలో రెండోది లేదు. మీ వ్యాసానికి కావలసింది ఆ రెండోదే.

కప్ప ఒంట్లో నీరు తగ్గితే పీయూష గ్రంథి వాసోటోసిన్ అనే హార్మోనును వదులుతుంది. తొమ్మిది అమైనో ఆమ్లాల గొలుసు అది. మన ఒంట్లోని వాసోప్రెసిన్ హార్మోనుకీ దానికీ ఒక్క అమైనో ఆమ్లమే తేడా. రక్తంతో పాటు ఒళ్లంతా తిరుగుతుంది. మూత్రపిండంలో వడపోతకు రక్తం తెచ్చే సన్నటి ధమనులు దానికి బిగుసుకుంటాయి. వడపోత తగ్గి, పోయే నీరు తగ్గుతుంది. పొట్ట కింది చర్మంలోనూ మూత్రాశయం గోడలోనూ అదే హార్మోను కణాల పొరలో నీటి దారులు తెరిపిస్తుంది. కప్ప నోటితో తాగదు, చర్మంతోనే నీరు పీల్చుకుంటుంది కనుక అక్కడ ఆ దారులు చాలా ముఖ్యం. ధమనుల దగ్గర ఉన్నవి వీ1 తరహా గ్రాహకాలు, చర్మంలో ఉన్నవి వీ2 తరహావి. వచ్చిన కబురు ఒకటే, ఎక్కడి గ్రాహకం దాన్ని ఎలా గ్రహిస్తే అక్కడ ఆ పని. అడ్రినలిన్ కూడా అంతే: ఆల్ఫా గ్రాహకాలున్న నాళాన్ని బిగిస్తుంది, బీటా గ్రాహకాలున్న దాన్ని వదులు చేస్తుంది.

మరొకరు: వాదన బాగుంది కానీ ఒక చిక్కుందండీ. ప్రొప్రనొలాల్ మందు బీటా గ్రాహకానికి అతుక్కుంటుంది, అడ్రినలిన్‌ని రానివ్వదు. దాని వల్ల నాళం వదులు కాదు. అక్కడ గ్రహించింది ఏమిటి?

జవాబు: మంచి మాట పట్టుకున్నారు. అక్కడ మందు గ్రాహకానికి చిక్కింది, గ్రాహకానికి కబురు మాత్రం అందలేదు. అందుకే అలాంటి మందు గురించి రాసేటప్పుడు "గ్రాహకం గ్రహించింది" అనకూడదు, "గ్రాహకానికి అడ్డుపడింది" అనాలి. గ్రాహకం పేరు మాత్రం మార్చనక్కర్లేదు.

ఇంకొకరు: అసలు ప్రశ్న అడిగినవారికి ఒక సూచన. రక్తనాళ సంకోచం అని రాస్తారేమో. సంకోచం అనగానే పాఠకుడికి మొహమాటం, వెనకాడటం గుర్తొస్తాయి. పైన రాసినట్టు బిగుసుకోవడం అనండి.

ప్రశ్న అడిగినవారు: అలాగే మారుస్తానండీ. మొదటిసారి వచ్చిన చోట మాత్రం సంకోచం అని పక్కన రాస్తాను, పరీక్ష పుస్తకంలో ఆ మాటే కనబడుతుంది కదా. వాసోటోసిన్ భాగాన్ని గ్రాహకాల కంటే ముందుకు తెస్తాను.