తాతగారి రందను చదును చేయించాలా, ముట్టుకోకుండా ఉంచాలా?

దేవరకొండ మాస్టారు

మా అమ్మగారి తండ్రి వడ్రంగి. దేవరకొండ చుట్టుపక్కల పల్లెల్లో నాగళ్లు, ఎడ్లబండ్లు, తలుపులు చేసి బతికారు. ఆయన పోయి ముప్పై ఏళ్లు దాటింది. మొన్న పాత ఇల్లు విప్పుతుంటే అటక మీద గోనెసంచిలో ఆయన పనిముట్లు దొరికాయి. ఒక బాడిశ, మూడు ఉలులు, బర్మా, చిత్రిక పట్టే పొడవాటి చెక్క రంద.

ఆ రంద మూరకు రెండంగుళాలు తక్కువ. దిమ్మ నల్లతుమ్మదని మా మేనమామ అన్నారు. ఎడమ పక్కన బొటనవేలు ఆనే చోట గుంట పడింది. నా వేలు పెట్టి చూశాను, అందులో సరిగ్గా ఇమిడింది. బ్లేడు వదులు చేయడానికి వెనక అంచు మీద కొట్టిన సుత్తి దెబ్బలకు అక్కడి చెక్క పీచులు పీచులుగా విచ్చుకుంది. అడుగున స్టీలు స్కేలు ఆనిస్తే మధ్యలో వెలుతురు కనిపిస్తోంది. నోరు, అంటే బ్లేడు బయటికి వచ్చే సందు, పెన్సిలు దూరేంత వెడల్పయింది. బ్లేడు మీద తుప్పు తుడిస్తే ఉక్కు పనిముట్లకు పేరుపడ్డ ఇంగ్లండు ఊరు షెఫీల్డ్ పేరు ఇంగ్లీషు అక్షరాల్లో బయటపడింది.

నల్లగొండలో కట్టుకుంటున్న ఇంట్లో దేవుడి గది తలుపును ఈ రందతోనే చిత్రిక పట్టించాలని నా కోరిక. అలా జరగాలంటే అడుగు చదును చేయాలి, నోటి ముందు కొత్త చెక్క ముక్క పొదగాలి. మా తమ్ముడు ససేమిరా అంటున్నాడు. తాత చేతి అరుగుదలను చెక్కేస్తే మిగిలేది వంటచెరకేనంటాడు. ఈ విషయం మీద ఇద్దరికీ మాటలు తగ్గాయి. పని తెలిసినవారు, పాత పనిముట్లు సేకరించేవారు ఇక్కడ ఉన్నారు కదా, మీరైతే ఏం చేస్తారు?

జడ్చర్ల వడ్రంగి

మాస్టారూ, నలభై ఏళ్లుగా ఈ పనిలో ఉన్నాను. చదును చేయించండి.

ఆ అరుగుదల తాతగారిదని మీ తమ్ముడు అంటున్నారు. దాన్ని తాతగారే ఎన్నిసార్లు చెక్కేసి ఉంటారో ఆయనకు తెలియదు. చెక్క రంద అడుగు వాడేకొద్దీ అరుగుతుంది. ఎండాకాలంలో వంగుతుంది, వానల్లో ఉబ్బుతుంది. దసరాకు పనిముట్లు పూజలో పెట్టే ముందు రోజు మా నాయన రందలన్నీ వెల్లకిలా తిప్పేవారు. సమానంగా ఉన్న రెండు బద్దలను అడుగు మీద ఆ చివర ఒకటి, ఈ చివర ఒకటి అడ్డంగా పెట్టి, ఒక కన్ను మూసి, రెండు అంచులూ ఒకే గీతలో ఉన్నాయా లేదా అని చూసేవారు. వంకర కనిపిస్తే ఇంకో రందతో దాన్ని పట్టేసేవారు. అదయ్యాకే పసుపు కుంకుమ.

నోరు వెడల్పు కావడానికి కూడా కారణం అదే. బ్లేడు దాదాపు 45 డిగ్రీల వాలులో కూర్చుంటుంది. ఆ సందు పైకి పోయేకొద్దీ విశాలమవుతుంది కాబట్టి అడుగును చెక్కిన ప్రతిసారీ నోరు కొంత తెరుచుకుంటుంది. పెన్సిలు దూరుతోందంటే ఆ అడుగు ఎన్నోసార్లు చదునైందని అర్థం. మీరు ఇప్పుడు చూస్తున్నది తాతగారు మొదట చేసిన అడుగు కానే కాదు.

ఇంత నోటితో టేకు మీద పని జరగదు. నార ఎదురు తిరిగిన చోట పొట్టు తెగదు, చీలి పైకి లేస్తుంది. నోటి ముందు అంచు ఆ పొట్టును అక్కడికక్కడే అణచి పట్టాలి. ముక్క పొదగడం అపచారం కాదు. మా నాయన రందల్లో రెండింటికి అలా పొదిగిన ముక్కలున్నాయి. దిమ్మ మరీ అరిగిపోతే కొత్తది చేసుకుని పాత బ్లేడునే బిగించుకునేవాళ్లం. మాకు ఆస్తి అంటే బ్లేడే.

పాలమూరు పాతసామాను

వడ్రంగి గారి అనుభవం ముందు నేను తక్కువే. అయినా ఈ మాట ఒప్పుకోలేను.

ఇరవై ఏళ్లుగా రందలు పోగు చేస్తున్నాను, అరవై దాకా ఉన్నాయి. మొట్టమొదటిది హైదరాబాదు జుమ్మేరాత్ బజారులో కొన్నాను. అంచులకు గాళ్లు, నగిషీలు తీసే ఇంగ్లండు రంద, బీచ్ అనే చలిదేశపు చెట్టు చెక్కది. ఇంటికి తెచ్చి ఉత్సాహంగా గరుకు కాగితం పట్టాను. తళతళ మెరిసింది. ఆ దేశంలో చేసినవారి పేరు రంద ముందు మొహం మీద గుద్దుతారని, ఆ ముద్రను బట్టే కాలం తెలుస్తుందని తర్వాత తెలిసింది. నేను రుద్దింది సరిగ్గా అక్కడే. మూడు అక్షరాల నీడ మిగిలింది. ఎవరు చేశారో ఇక ఎప్పటికీ చెప్పలేను.

1700ల తొలి ఏళ్లలో లండన్‌లో రాబర్ట్ ఊడింగ్ అనే అతను తన పేరు గుద్దిన రందలు ఇప్పటికీ ఉన్నాయి. అమెరికాలోని మాసచూసెట్స్‌లో సీజర్ షెలర్ అనే నల్లజాతి పనివాడు ఫ్రాన్సిస్ నికల్సన్ అనే రంద తయారీదారు దగ్గర బానిసగా ఉండి పని నేర్చుకున్నాడు. 1753లో యజమాని పోతూ వీలునామాలో అతన్ని విడుదల చేశాడు. ఆ తర్వాత తన పేరు తానే గుద్దుకుని రందలు చేశాడు. ఆ ముద్రను ఎవరో ఒకరు నాలాగే శుభ్రం చేసి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి.

మన వడ్రంగులు పేరు గుద్దలేదు. తమ రంద తామే చేసుకున్నారు, ఎవరికీ అమ్మలేదు, పేరు అవసరం పడలేదు. అందుకే మన రందల మీద చేతి అరుగుదలే సంతకం. మాస్టారూ, తలుపు కోసం కొత్త దిమ్మ చేయించండి. దీన్ని ఇలాగే వదిలేయండి.

సానరాయి, సూర్యాపేట

దిమ్మ గురించి పెద్దలు తేల్చుకుంటారు. బ్లేడు గురించి మాత్రం తొందరగా చెప్పాలి, ఎందుకంటే ఈపాటికి ఎవరో ఒకరు మాస్టారుకు గ్రైండరు సలహా ఇచ్చే ఉంటారు. దయచేసి వద్దు. గ్రైండరు మీద అంచు నీలంగా మారిందంటే అక్కడ ఉక్కు పదును నిలుపుకునే గుణం పోయినట్టే. రాత్రంతా చింతపండు పులుసులో నానబెట్టడం కూడా వద్దు. తుప్పుతో పాటు మంచి ఉక్కును కూడా పులుపు తింటుంది, ఆ అక్షరాలు పలచబడతాయి. కిరసనాయిలు, సన్నని ఇనుప పీచు, ఓపిక చాలు.

పాత షెఫీల్డ్ బ్లేడు మొత్తం ఒకే ఉక్కు కాదు. మెత్తని ఇనుప పలక మీద, పదును వచ్చే వైపు గట్టి ఉక్కు పొరను కొలిమిలో కాల్చి అతికేవారు. సాన మీద నీళ్లు చల్లి పది నిమిషాలు నూరి చూడండి. ఏటవాలు అంచు మీద అడ్డంగా ఒక గీత తేలుతుంది. గీతకు ఒక వైపు మసక బూడిద రంగు, అది ఇనుము. అంచు వైపు సన్నగా అద్దంలా మెరిసేది ఉక్కు. నేను మొదటిసారి ఆ గీత చూసిన రోజు అన్నం సంగతి మరచిపోయాను. పైన పలచగా, పదును వైపు మందంగా ఉంటే అది ఇంకా పాత పద్ధతి బ్లేడని గుర్తు.

షెఫీల్డ్‌లో బెంజమిన్ హంట్స్‌మన్ మూసలో, అంటే నిప్పుకు తట్టుకునే మట్టి పాత్రలో, ఉక్కు కరిగించింది 1740ల్లో. నిజామాబాదు వైపు కోనసముద్రంలో మన కమ్మరులు అంతకు చాలా ముందునుంచే మూస ఉక్కు తీసేవారు. అలాంటి నేలలో వడ్రంగి చేతికి ఇంగ్లండు బ్లేడు రావడం నన్ను ఎప్పుడూ బాధపెడుతుంది.

ఇంకో జాగ్రత్త. దిమ్మకు అవిసె నూనె పట్టిస్తే, ఆ నూనె గుడ్డలను ఉండ చుట్టి మూల పడేయకండి. ఆరేటప్పుడు వేడెక్కి వాటంతట అవే అంటుకుంటాయి. తీగ మీద విప్పి ఆరేయండి.

నకిరేకల్ ఆడబిడ్డ

అందరూ చెక్క గురించీ ఉక్కు గురించీ రాస్తున్నారు. మనుషుల గురించి నేను రాస్తాను.

మా నాన్న వడ్రంగి. నాకు పదేళ్లప్పుడు రంద ముందు భాగం పట్టించి, వెనక నుంచి తాను తోసేవారు. పొట్టు చుట్టలు చుట్టలుగా వచ్చి నా మోచేతుల మీద పడేది. ఆయన పోయిన రెండో ఏడు ఒకాయన కారులో వచ్చి, పాత పనిముట్లు ఉన్నాయా అని అడిగి, మా అమ్మ చేతిలో ఐదు వందలు పెట్టి సంచి మొత్తం తీసుకుపోయాడు. అమ్మకు ఆ రోజు ఐదు వందలు అవసరం. ఆయన ఎవరి పేరూ అడగలేదు, ఏదీ రాసుకోలేదు. నాలుగేళ్ల తర్వాత హైదరాబాదులో ఒక హోటలు గోడ మీద అలాంటి రందలే వార్నిషు కొట్టి, దిమ్మ మధ్యలోంచి మేకు దించి వేలాడదీసి ఉండటం చూశాను. అందులో మా నాన్నది ఉందో లేదో చెప్పలేకపోయాను. భోజనం చేయకుండా లేచి వచ్చేశాను.

పాలమూరు అన్నగారూ, మీరు మంచి మనసుతో దాస్తున్నారని మీ మాటల్లోనే తెలుస్తోంది. అందుకే అడుగుతున్నాను. మీ దగ్గరున్న అరవై రందల్లో ఎన్నింటి యజమానుల పేర్లు మీకు తెలుసు?

పాలమూరు పాతసామాను

రాత్రి కూర్చుని లెక్క చూశాను, చెల్లెమ్మా. పదకొండు.

మిగిలినవి కిలోల లెక్కన ఇనుప సామాను కొట్లలో దొరికినవి కొన్ని, చేతులు మారి వచ్చినవి కొన్ని. పదమూడింటిని నేనే ఇళ్లకు వెళ్లి కొన్నాను. వాటి పేర్లు అడగవలసింది, అడగలేదు. ఆ ఊళ్లు నాకు గుర్తున్నాయి. కల్వకుర్తి, ఆమనగల్లు, అచ్చంపేట వైపు. మళ్లీ వెళ్తాను.

జడ్చర్ల వడ్రంగి

అమ్మా, మీరు రాసింది మా ఆవిడకు చదివి వినిపించాను.

ఈ రందలు కొట్లకు ఎందుకు చేరుతున్నాయో కూడా చెప్పాలి. కరెంటు రంద నాలుగు గంటల పనిని అరగంటలో చేస్తుంది. 2023 సెప్టెంబరు 17న మొదలైన కేంద్ర ప్రభుత్వ విశ్వకర్మ పథకంలో పనిముట్లకు 15,000 రూపాయల దాకా సాయం ఉంది. దాన్ని నేనూ స్వాగతించాను, మా భుజాలకు అది మేలే. కానీ చెక్క రందకు దిమ్మ చేయడం మా అబ్బాయికి రాదు. బ్లేడు కూర్చునే వాలు ఉలితో తొలచడం, బిగింపు చెక్క రెండు పక్కలా సమానంగా ఆనేలా చెక్కడం ఒక్క రోజులో అబ్బేవి కావు. వాడని రందను చూసి ఎవరూ రంద నేర్చుకోలేరు. పాలమూరు వారికి నా జవాబు ఇదే. మీ అరవైలో ఒక్కటైనా పొట్టు తీస్తోందా?

పాలమూరు పాతసామాను

నాలుగు తీస్తాయి. వాటికి నోటి ముక్కలు నేను కొనక ముందే పొదిగారు. అయినా నా మాట మారదు. ఒకసారి చెక్కింది మళ్లీ రాదు, చెక్కనిది ఎప్పుడైనా చెక్కవచ్చు.

దేవరకొండ మాస్టారు తమ్ముడు

అన్నయ్య ఈ చర్చ చూపించాడు కాబట్టి రాస్తున్నాను.

నా మాటను అన్నయ్య కొంచెం తప్పుగా అర్థం చేసుకున్నాడు, లేదా నేనే సరిగా చెప్పలేకపోయాను. అడుగు చదును చేస్తే నాకు బాధ లేదు. అది ఎన్నోసార్లు చదునైందని ఇప్పుడే తెలిసింది. నా భయం ఆ బొటనవేలి గుంట గురించి. తాత చివరి రోజుల్లో చూపు తగ్గింది. పనిముట్ల సంచిలో చెయ్యి పెట్టి, ఆ గుంట తగిలితేనే ఇది నా రంద అని తీసేవారు. ఎవరికైనా బాగుచేయమని ఇస్తే పక్కలు కూడా నునుపు చేసి, పాలిష్ పెట్టి, కొత్తదానిలా చేతిలో పెడతారు. మా ఇంటి పాత మంచానికి అలాగే జరిగింది. కోళ్ల మీద తాత చెక్కిన చిలకలు ఇప్పుడు కనబడవు.

సానరాయి, సూర్యాపేట

తమ్ముడుగారూ, ఇది మొదటే రాసి ఉంటే మేమందరం ఇంత దూరం వచ్చేవాళ్లం కాదు. పక్కలకు చేయవలసింది ఏమీ లేదు. పొడిగుడ్డతో దుమ్ము తుడిచి, కొద్దిగా మైనం రుద్దితే చాలు.

వేసవి సంగతి కూడా చూసుకోండి. మన ఎండకు దిమ్మ అడ్డంగా కుంచించుకుపోతుంది, బ్లేడు మాత్రం కుంచించుకోదు. బిగించి వదిలేస్తే నోటి దగ్గర పక్కలు పగులుతాయి. చలిదేశాల నుంచి వచ్చిన బీచ్ రందలు చాలా వరకు ఇక్కడ అలాగే పగిలాయి. పని లేనప్పుడు బిగింపు చెక్క వదులుగా ఉండాలి.

పాలమూరు పాతసామాను

చదును చేయడానికే నిర్ణయించుకుంటే నన్ను ఒక్క పని చేయనివ్వండి. అడుగు మీద పలచని కాగితం పరిచి పెన్సిలుతో రుద్ది అచ్చు తీయండి. నోటి వెడల్పు, దిమ్మ ఎత్తు కొలిచి రాసుకోండి. నాలుగు వైపులా ఫోటోలు. తాతగారి పేరు, ఊరు ఆ కాగితం మీదే రాసి రందతో పాటు ఉంచండి. పొదగడం నాకు ఇప్పటికీ ఇష్టం లేదు, అది వేరే సంగతి.

దేవరకొండ మాస్టారు

అచ్చు నిన్న తీశాం. కాగితం తమ్ముడు పట్టుకున్నాడు, పెన్సిలు నేను రుద్దాను. కంటికి కనబడనిది ఒకటి కాగితం మీద తేలింది. నోటికి వెనక, అడుగు మీద, చిన్న నలుచదరం గీత. పాత ముక్క ఒకటి ఇదివరకే పొదిగి ఉంది, అదే రంగు చెక్కతో, అతుకు తెలియనంత బాగా. నోటికి ముందు కాకుండా వెనక ఎందుకు పొదిగారో మాకు అర్థం కాలేదు. వడ్రంగి గారూ, వచ్చి చూపించవచ్చా? ఆదివారం వీలవుతుందా?

జడ్చర్ల వడ్రంగి

వెనక అంటే అక్కడ బ్లేడు ఆనే చెక్క పలచగా ఉండి విరిగి ఉంటుంది. విరిగినా రందను పారేయకుండా ముక్క వేసుకున్నారు. చూడాలి.

ఆదివారం ముహూర్తాల పని ఉంది, బుధవారం పొద్దున రండి. బ్లేడు, బిగింపు చెక్క తీసి విడివిడిగా గుడ్డల్లో చుట్టుకుని తెండి. తమ్ముడుగారిని తప్పకుండా తీసుకురండి. గుంట ఎక్కడి నుంచి ఎక్కడిదాకా ఉందో ఆయనే సుద్దతో గీత గీయాలి. ఆ గీత ఇవతలికి నా ఉలి రాదు.