ఈస్టర్ గుడ్ల వేటకు కొత్త ఆలోచనలు చెబుతారా?

మాది పలాస దగ్గర పల్లెటూరు. ఈస్టర్ ఆదివారం ఆరాధన ముగిశాక చర్చి పక్కనున్న జీడితోటలో పిల్లలకు గుడ్ల వేట పెట్టాలని మా కోరిక. నాలుగేళ్ల బుడతల నుంచి ఎనిమిదో తరగతి వాళ్ల దాకా వస్తారు. అందరినీ ఒకేసారి వదిలితే పెద్దవాళ్లే అన్నీ ఏరేస్తారు, చిన్నవాళ్లు ఖాళీ బుట్టలతో ఏడుస్తారు. అది మాత్రం జరగకూడదు. ఒక్కో వయసుకు ఒక్కో రంగు కేటాయిద్దామా? పెద్దవాళ్లకు పొడుపు కథల చీటీలిచ్చి, ఒకటి విప్పితే తరువాతి చోటు తెలిసేలా చేద్దామా? మన ఉత్తరాంధ్ర పొడుపు కథలు తెలిసినవారు దయచేసి రాయండి.

ఉల్లిపొట్టు, పసుపు, బీట్‌రూట్‌తో గుడ్లకు రంగు వేయడం మాకు వచ్చు. కానీ ఈ ఎండల్లో ఉడికిన గుడ్డు గంటకు మించి బయట ఉంటే పిల్లలకు పెట్టడానికి భయం. చాక్లెట్ గుడ్లు కరిగిపోతాయి. అందుకే ఏటికొప్పాక లక్క బొమ్మల తరహాలో చెక్క గుడ్లు దాచి, దొరికినవారికి జీడిపప్పు పొట్లం ఇద్దామనుకుంటున్నాం. ఇంతకంటే చవకైన మార్గం ఉందా?

మరొకటి, నాకు అన్నిటికంటే ముఖ్యమైనది. మా పిల్లల్లో చూపు లేని పాప ఉంది. ఎవరి సాయం లేకుండా తనే వెతికి పట్టుకోవాలి. కొమ్మలకు వేలాడదీసిన గుడ్లకు చిరుగజ్జెలు కడితే సరిపోతుందా, వేరే ఉపాయం ఉందా?