బరువు తగ్గడానికి ఈత నిజంగా పనికొస్తుందా?

తేటనీరు:
నాలుగు నెలలుగా వారానికి ఐదు రోజులు ఈదుతున్నాను. ఆయాసం తగ్గింది, నిద్ర బాగా పడుతోంది. బరువు మాత్రం కిలో కూడా తగ్గలేదు. రోజూ వేగంగా నడిచే మా అక్క ఇదే కాలంలో నాలుగు కిలోలు తగ్గింది. నేను ఈతను ఎంచుకోవడమే పొరపాటా?

ఉదయనడక:
బరువే లక్ష్యమైతే పొరపాటే. 1987లో గ్రాంట్ గ్విన్‌అప్ అనే అమెరికా పరిశోధకుడు, తిండికి ఏ కట్టడీ పెట్టకుండా స్థూలకాయం ఉన్న స్త్రీలతో వ్యాయామం చేయించారు. నడిచినవారు 10 శాతం, సైకిల్ తొక్కినవారు 12 శాతం బరువు తగ్గారు. ఈదినవారు తగ్గనే లేదు. చన్నీళ్లలోంచి బయటికి రాగానే ఆకలి ఎలా నకనకలాడుతుందో ఈదేవారందరికీ తెలుసు. 2005లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో దీన్ని కొలిచారు కూడా: 20 డిగ్రీల నీటిలో వ్యాయామం చేసినవారు, 33 డిగ్రీల నీటిలో చేసినప్పటికంటే 44 శాతం ఎక్కువ క్యాలరీలు తిన్నారు.

ఎదురీత:
ఉదయనడక గారూ, ఆ ఫ్లోరిడా ప్రయోగంలో ఎవరూ ఈదలేదండీ. నీటిలో మునిగి సైకిల్ తొక్కారు. పైగా తేడా తెచ్చింది నీటి చల్లదనం. గోరువెచ్చని నీటిలో అదే శ్రమ చేసినప్పుడు ఆకలి అంతగా పెరగలేదు. నేరం చన్నీళ్లదైతే శిక్ష ఈతకు వేస్తారా?

ఆస్ట్రేలియాలో 50 నుంచి 70 ఏళ్ల స్త్రీలను కొందరిని నడకలో, కొందరిని ఈతలో పెట్టి ఏడాదిపాటు గమనించారు. 2010లో ఫలితాలు వచ్చాయి. ఈదినవారే 1.1 కిలోలు ఎక్కువ తగ్గారు.

నా మోకాళ్లు అరిగిపోయాయి. పది నిమిషాలు నడిస్తే ఆ రాత్రంతా నొప్పే. మెడలోతు నీటిలో కాళ్లమీద పడే భారం పదో వంతుకు దిగుతుంది కాబట్టే ఈ వయసులో గంటసేపు చెమటోడ్చగలుగుతున్నాను. నాలాంటివారికి "నడవండి" అని చెప్పడం తేలికే!

తేటనీరు గారూ, ఒక్క సంగతి చూసుకోండి. కొలనులో గడిపిన సమయం వేరు, ఈదిన సమయం వేరు. గట్టు పట్టుకుని నిలబడ్డ నిమిషాలు తీసేసి లెక్కపెట్టండి. తీరిగ్గా ఈదితే ఊరికే కూర్చున్నప్పటికంటే సుమారు ఆరు రెట్ల శక్తి ఖర్చవుతుంది, వేగంగా ఫ్రీస్టైల్ ఈదితే పది రెట్లు. అదీగాక, ఈతలో నేర్పు పెరిగేకొద్దీ అదే దూరానికి శ్రమ తగ్గుతుంది. మొదటి నెల వేగంతోనే ఇప్పటికీ ఈదుతుంటే శరీరానికి అది అలవాటైన పని.

ఉదయనడక:
మోకాళ్ల విషయం ఒప్పుకుంటున్నాను, అది నాకు తట్టలేదు. అయినా ఏడాదికి 1.1 కిలోల తేడా అంటే పెద్ద గెలుపేమీ కాదు. ఈదాక ఏం తింటున్నారో తేటనీరు గారు ఇంకా చెప్పలేదు.

తేటనీరు:
నిన్న గడియారం పెట్టుకుని చూశాను. నీటిలో ఉన్నది యాభై నిమిషాలు, ఈదింది ఇరవై రెండు. బయటికి వచ్చాక ఇంటికి చేరేలోపే రెండుసార్లు తిన్నాను. ఈ వారం నుంచి ముందే కొంచెం తిని వెళ్తాను. ఒక నిమిషం వేగంగా, ఒక నిమిషం నెమ్మదిగా, గట్టు పట్టుకోకుండా ఈదుతాను. బరువుతోపాటు నడుము చుట్టుకొలత కూడా రాసిపెట్టి నెల తరువాత ఇక్కడే చెబుతాను.