సిగ్నల్ దగ్గర కారుతో పాటు ఇంజిన్ కూడా ఆగిపోతోంది. ఐడిల్ వాల్వేనా?

పాతబండి:
నా పెట్రోల్ కారుకు పదిహేనేళ్లు, యాక్సిలరేటర్ కేబుల్ ఉన్న రకం. రోడ్డు మీద శుభ్రంగా పోతుంది. సిగ్నల్ దగ్గర న్యూట్రల్‌లోకి తేగానే ఆర్‌పీఎం ముల్లు 800 నుంచి 400కి జారుతుంది, బండి ఒకసారి వణికి ఆగిపోతుంది. ఏసీ వేస్తే మరీ ఘోరం. వారం నుంచి వెనక హారన్లు వింటూ, ఒక కాలు యాక్సిలరేటర్ మీదే ఉంచి టెన్షన్‌గా నడుపుతున్నాను. స్కానర్‌లో పీ0506 అనే ఎర్రర్ కోడ్ వచ్చింది. మెకానిక్ బానెట్ ఎత్తకుండానే ఐడిల్ వాల్వ్ (యాక్సిలరేటర్ తొక్కనప్పుడు ఇంజిన్ తిరిగే వేగాన్ని, అంటే ఐడిల్‌ను, నిలిపేది) మార్చేద్దామన్నాడు. మార్చెయ్యమంటారా?

మసిచేతులు:
అప్పుడే కొనకండి. పీ0506 అంటే ఐడిల్ ఉండాల్సిన దానికన్నా తక్కువగా ఉందని, అంతే. ఎక్కువైతే పీ0507 వస్తుంది. వాల్వ్ పోయిందని ఈ రెండూ చెప్పవు. కాలు తీయగానే థ్రాటిల్ పలక మూసుకుంటుంది కదా, అప్పుడు ఇంజిన్‌కు గాలి పక్కనున్న సన్నదారిలోంచి రావాలి. ఆ దారిని ఎంత తెరవాలో ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్) చెబుతుంది, వాల్వ్ తెరుస్తుంది. ఏసీ కంప్రెసర్ ఆన్ అయినప్పుడు ఇంకాస్త తెరవాలి. ఇంజిన్‌లోంచి వచ్చే ఆయిల్ ఆవిరి ఆ దారిలో మసి కట్టిందంటే వాల్వ్ ఎంత తెరిచినా గాలి చాలదు. నేను విప్పినవాటిలో ఎక్కువ శాతం కడిగితే బాగుపడ్డవే.

మల్టీమీటర్:
కడిగే ముందు కరెంటు సంగతి తేల్చుకోండి. కనెక్టర్‌కు ఎన్ని వైర్లున్నాయి? రెండుంటే సోలనాయిడ్ (కరెంటుతో అయస్కాంతంలా లాగే కాయిల్) రకం. ఇంజిన్ నడుస్తుండగా కనెక్టర్ పీకితే ఐడిల్ మారాలి. మారలేదంటే వాల్వ్ ఇరుక్కుని ఉండాలి, లేదా దానికి కరెంటే రావడం లేదు. నాలుగుంటే చాలావరకు స్టెప్పర్ మోటార్, అంటే మెట్టు మెట్టుగా కదిలేది. పీకితే ఎక్కడున్నది అక్కడే నిలబడిపోతుంది, కాబట్టి దానికి ఈ పరీక్ష పనికిరాదు. ఇంజిన్ ఆపేసి రెండు కాయిల్స్ ఓమ్స్ చూడండి. రెండూ దాదాపు సమానంగా రావాలి. ఒకటి ఓపెన్, అంటే తీగ తెగినట్టు, చూపిస్తే ఇక కడగడం వృథా.

పాతబండి:
నాలుగు వైర్లు. 52, 53 ఓమ్స్ వచ్చాయి. రెండు స్క్రూలు తీసి వాల్వ్ బయటికి లాగాను. కోన్‌లాంటి మొన నల్లగా, తారు పూసినట్టుంది. అది కూర్చునే రంధ్రం చుట్టూ అదే మసి, గోటితో గీకితే పెచ్చులుగా లేస్తోంది. మొనను వేలితో లోపలికి నొక్కి కడగొచ్చా?

నట్టుబోల్టు:
వద్దండీ! స్టెప్పర్‌లో ఆ మొన సన్నటి మరల మీద నడుస్తుంది. బలంగా నొక్కితే మరలు అరిగిపోతాయి. అలా ఒకటి పాడుచేసుకుని నేర్చుకున్నాను. థ్రాటిల్ బాడీ క్లీనర్‌ను గుడ్డ మీద కొట్టి మొనను తుడవండి, మోటార్‌ను మాత్రం అందులో నానబెట్టకండి. రంధ్రాన్ని మెత్తటి బ్రష్‌తో రుద్దండి. థ్రాటిల్ పలకను ఆపే చిన్న స్క్రూ ఒకటి కనిపిస్తుంది, దాని జోలికి పోవద్దు. అది ఐడిల్ పెంచుకోవడానికి పెట్టింది కాదు.

పాతబండి:
కడిగి బిగించాను. ఇప్పుడు కథ తిరగబడింది. ఐడిల్ 1800, ఇంజిన్ వేడెక్కినా దిగడం లేదు! ఆగిపోవడమే నయమనిపిస్తోంది.

వీకెండ్‌గరాజ్:
బ్యాటరీ నెగటివ్ తీసి కాసేపాగి పెట్టండి. పాత మసికి తగ్గట్టు ఈసీయూ వాల్వ్‌ను ఎక్కువ తెరవడం అలవాటు చేసుకుని ఉంటుంది. కొన్నిటికి స్కానర్‌తో ఐడిల్ లెర్నింగ్ చేయించాలి, అంటే ఈసీయూకు ఐడిల్ మళ్లీ నేర్పించాలి.

మసిచేతులు:
అదీ చేయండి గానీ, 1800 అంటే నాకు గాలి లీకు అనిపిస్తోంది. మీరు ఇప్పుడే విప్పిన చోటు చుట్టూ సబ్బునీళ్లు చల్లి చూడండి. నీళ్లు లోపలికి పీల్చుకుంటే దొరికినట్టే. ఫ్యాన్‌లో చెయ్యి పెట్టకండి.

చల్లనినీళ్లు:
నాది ఇంకో రకం. ఐడిల్ పైకీ కిందకీ ఉయ్యాల ఊగేది. వాల్వ్ రెండుసార్లు కడిగాను, ఊహూ. చివరికి చూస్తే రేడియేటర్‌లో కూలెంట్ తగ్గి లైన్లలో గాలి చేరింది. కొన్ని కార్లలో వాల్వ్ పక్కనుంచే కూలెంట్ పోతుంది, దాని వేడిని బట్టే ఐడిల్ నడుస్తుంది. గాలి తీసేసి నింపాక ఆ ఊగుడు పోయింది. కూలెంట్ టెంపరేచర్ సెన్సర్ తప్పుడు లెక్క చెప్పినా, చల్లటి ఇంజిన్ అనుకుని ఐడిల్ పెరుగుతుంది.

పాతబండి:
దొరికింది! వాల్వ్ మెడ దగ్గర సబ్బునురగ సర్రున లోపలికి పోయింది. విప్పితే ఓ-రింగ్ (గాలి లీకవకుండా ఆపే రబ్బరు రింగు) ఒకవైపు మెలిపడి, అంచు తెగి ఉంది. కొత్తది కాస్త ఇంజిన్ ఆయిల్ రాసి ఎక్కించాను. బ్యాటరీ తీసి పెట్టాక పది నిమిషాలు ఐడిల్‌లో వదిలేశాను. ఇప్పుడు 780. ఏసీ వేస్తే 700కి దిగి వెంటనే లేస్తోంది. ఒక్క అనుమానం, నట్టుబోల్టు గారూ. ఆ ఆపే స్క్రూ మీద పసుపు పెయింట్ గుర్తు చెదిరి ఉంది. నాకంటే ముందే ఎవరో తిప్పారు. సరిచేయాలా?

నట్టుబోల్టు:
780లో నిలబడింది కదా. బానెట్ మూసేయండి.